పేలు చూసుకునే తేనెటీగలు

పరకాల, నడికూడ, శాయంపేట, రేగొండ వైపు మిరప వేసే రైతుకు నల్లి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గట్టు మీద నిలబడే చెప్పేస్తాడు. మన భాషలో ఈ మాట కాస్త తికమక పెడుతుంది. మంచం పట్టెల్లో దాక్కుని రాత్రి రక్తం తాగేదీ నల్లే, మిరపాకు అడుగున చేరి రసం పీల్చేదీ నల్లే. మొదటిదానికి ఆరు కాళ్లు, అది పురుగు. రెండోదానికి ఎనిమిది కాళ్లు, అది సాలీడుకూ గోమారికీ చుట్టం. ఈ ఎనిమిది కాళ్ల వంశంలోనే తేనెటీగ ఒంటి మీద బతికే నల్లి ఒకటుంది. పేరు వరోవా. ప్రపంచంలో పెట్టెల్లో పెంచే తేనెటీగలకు దీన్ని మించిన శత్రువు లేదని పెంపకందార్లూ శాస్త్రవేత్తలూ ఒకే మాటగా చెబుతారు. మిరప చేలో నల్లి కనబడగానే మందు దుకాణానికి పరిగెత్తినట్టే, తేనె పెట్టెలో నల్లి కనబడగానే మందు పట్టీ కోసం చేయి చాపడం లోకమంతా అలవాటైపోయింది. అయితే అదే మిరప చేను గట్టు మీది పుట్టలోనో, పక్కనున్న చింతచెట్టు తొర్రలోనో ఉండే మన పుట్ట తేనెటీగ జాతి ఏ మందూ లేకుండా ఈ నల్లితో తరతరాలుగా కాపురం చేస్తోంది. ఎలా చేస్తోందని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: అది ఒళ్లు దులుపుకుంటుంది, తోటి ఈగల చేత దులిపించుకుంటుంది. ఈ జవాబు అబద్ధం కాదు గానీ సగమే నిజం. తక్కిన సగం తెలిస్తే తప్ప ఆ దులుపుడు విలువ ఎంతో, మన ప్రాంతంలో ఏ ఈగను నమ్ముకోవాలో తేలదు.

ముందు ఈగల లెక్క చూద్దాం. రావిచెట్టు కొమ్మకో, నీళ్ల ట్యాంకు అడుగుకో, బడి మేడ చూరుకో చాటంత పట్టు వేలాడదీసేది కొండ తేనెటీగ. కంచె పొదల్లో అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. ఈ రెండూ పెట్టేది ఒకే పట్టు, అదీ ఆరుబయట. పుట్టల్లో, తొర్రల్లో, పాత గోడల సందుల్లో, చీకటిలో వరసగా అనేక పట్లు పెట్టేది పుట్ట తేనెటీగ. శాస్త్రజ్ఞులు దీన్ని ఎపిస్ సెరానా అంటారు. చీకట్లో కాపురం పెట్టే ఈ గుణం వల్లే దీన్ని చెక్క పెట్టెలోకి మళ్లించగలిగారు. నాలుగోది పరాయిది, ఎపిస్ మెల్లిఫెరా, ఐరోపా ఈగ. 1960ల తొలి సగంలో, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న నగ్రోటా భగవాన్‌లో అట్వాల్, శర్మ అనే శాస్త్రవేత్తలు దీన్ని మన దేశంలో నిలదొక్కుకునేలా చేశారు. పూత వెంట లారీల్లో ఊరూరా తిరిగే పెట్టెల్లో ఇప్పుడు చాలావరకు ఉండేది ఇదే. వరోవాకు మాత్రం పుట్టిల్లు పుట్ట తేనెటీగ. 1904లో ఔడెమాన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త ఈ నల్లిని మొదటిసారి వర్ణించినప్పుడు అది జావా దీవిలో ఈ ఈగ మీద దొరికిందే. మనుషులు ఐరోపా ఈగ పెట్టెలను ఆసియాకు తెచ్చి రెండు జాతులనూ ఇరుగు పొరుగు చేశాక, 20వ శతాబ్దంలో నల్లి ఇల్లు మారింది. కొత్త ఇంట్లో దానికి అడ్డనేదే లేకపోయింది. అలా ఇల్లు మారి దేశదేశాలకు పాకిన నల్లి వేరే జాతి అని తేల్చి 2000లో ఆండర్సన్, ట్రూమన్ దానికి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. వినాశని అన్నమాట. పుట్టింట్లో దాన్ని ఆ పేరుతో పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆడ నల్లి ఎర్రటి గోధుమ రంగులో, చిన్న పీత డొప్పలా బల్లపరుపుగా ఉంటుంది. పొడవు కంటే వెడల్పు ఎక్కువ, ఆ వెడల్పు 1.6 మిల్లీమీటర్లు. వినడానికి చిన్నదే. ఈగ పొడవుతో పోల్చి మనిషి కొలతకు పెంచి చూస్తే మాత్రం వీపు మీద జానెడు వెడల్పు గోమారి కరుచుకున్నట్టు. పొట్ట కింద పలకల నడుమ దూరి కూర్చునే ఈ నల్లి ఈగ రక్తం తాగుతుందని చాలాకాలం అనుకున్నారు. 2019లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ రామ్సీ బృందం అది ప్రధానంగా తినేది ఈగ కొవ్వు కణజాలాన్ని అని చూపింది. మనకు కాలేయం చేసే పనులు చాలావరకు ఈగకు ఈ కణజాలమే చేస్తుంది. పోషకాల నిల్వ, విషానికి విరుగుడు, రోగాలతో పోరాటం అన్నీ దాని చలవే. అది పోతే ఈగ బతికి ఉన్నా డొల్లే. పైగా నల్లి కాటుతో పాటు వైరస్‌లు ఎక్కుతాయి. రెక్కలు నలిగిన కాగితంలా ముడుచుకుపోయి పుట్టే ఈగలు ఆ వైరస్ గుర్తులు. ఇదంతా ఒక్కో ఈగకు జరిగే నష్టం. పట్టు మొత్తానికి జరిగే నష్టం నల్లి సంతానంలో ఉంది. పిల్ల పురుగు ఎదిగి కూలి ఈగలు ఆ గదికి మైనం మూత వేయబోయే ముందు ఆడ నల్లి లోపలికి జారుకుని, పిల్లకు పెట్టిన మేత అడుగున దాక్కుంటుంది. మూత పడ్డాక గుడ్లు పెడుతుంది. ముందు ఒక మగ గుడ్డు, ఆపైన వరసగా ఆడ గుడ్లు. అన్నాచెల్లెళ్ల మధ్యనే జతకట్టడం కూడా ఆ మూత కిందే అయిపోతుంది. ఈగ మూత కొరుక్కుని బయటికొచ్చేసరికి తల్లి నల్లీ, ఎదిగిన కూతుళ్లూ దాని ఒంటి మీద ఎక్కి ఉంటాయి. పోతు ఈగ కూలి ఈగ కంటే రెండు మూడు రోజులు ఎక్కువగా మూత కింద ఉంటుంది కాబట్టి పోతుగది నల్లికి మరింత ఇష్టం. ఆ రెండు మూడు రోజుల్లో ఇంకో కూతురు ఎదుగుతుంది.

ఇక దులుపుడు. నల్లి ఎక్కిన ఈగ మొదట తన కాళ్లతో తానే గీరుకుంటుంది. తేనెటీగ కాళ్లు పుట్టుకతోనే దువ్వెనలు. పుప్పొడిలో పొర్లాడి బతికే జీవికి ఒళ్లు శుభ్రం చేసుకునే సరంజామా తప్పదు. ముందు కాలికి మీసం దూర్చి లాగేందుకు సరిగ్గా సరిపోయే గాడి కూడా ఉంటుంది. పుప్పొడి కోసం ఏర్పడిన ఈ పాత పనిముట్లనే నల్లి మీదికి తిప్పుతుంది. అయినా మనకు వీపు మధ్యలో చేయి అందని చోటు ఉన్నట్టే ఈగకూ రెక్కల మొదట్లో, నడుము దగ్గర అందని చోట్లున్నాయి. అప్పుడది నిలుచున్న చోటే ఒళ్లంతా పక్కలకు ఊపుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లాండ్, సీలీ 2004లో ఈ ఊపును కొలిచారు. సెకనుకు సుమారు నాలుగు ఊపులు. రెక్కల మొదట్లో సుద్దపొడి చల్లితే ఈ ఆట ఎక్కువైంది. ఊపు చూసి పక్కనున్న ఈగ దగ్గరికి వస్తుంది, మీసాలతో తడుముతుంది, రెక్కల సందునో పొట్ట పలకల నడుమో నోటితో వెతుకుతుంది. అరుగు మీద కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని తల్లి పేలు చూసే దృశ్యం గుర్తు చేసుకుంటే ఇక్కడ జరిగేది ఇట్టే అర్థమవుతుంది. దొరికిన నల్లిని దవడలతో కొరికితే దాని కాలు తెగుతుంది, డొప్ప పగులుతుంది. ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. లాండ్, సీలీ చూసింది ఐరోపా ఈగనే. అంటే పేలు చూసుకునే విద్య దానికి బొత్తిగా తెలియనిది కాదు. తేడా ఎక్కడుందో వెతకడమే అసలు పని.

ఈ వెతుకులాటలో ఎక్కువమంది ఉదహరించేది 1987లో పెంగ్, సహచరులు ప్రచురించిన పరిశీలన. గాజు పలకల పెట్టెల్లో పుట్ట తేనెటీగల మీద నల్లులను వదిలి చూస్తే అవి దాదాపు అన్నింటినీ పట్టి పారేశాయి. ఐరోపా ఈగలు పట్టింది లెక్కలోకి రానంత తక్కువ. కథగా చెప్పడానికి ఇది చాలా బాగుంటుంది, అందుకే పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కింది. కానీ 1996లో ఫ్రీస్, ఆయన చైనా సహచరులు మామూలు పట్ల కింద రాలిన నల్లులను ఏరి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే చిత్రం కొంచెం మసకబారింది. పుట్ట తేనెటీగ పట్ల కింద దెబ్బతిన్న నల్లులు దాదాపు 30 శాతం, ఐరోపా ఈగ కింద 12 శాతం పైచిలుకు. తేడా ఉంది, కానీ ఆకాశానికీ నేలకూ ఉన్నంత లేదు. మీదికి వదిలిన నల్లిని చూసి ఈగలు ఎక్కువగా కలవరపడి ఉండవచ్చు. గాజు పెట్టెలో కొన్ని గంటల్లో చూసేదానికీ, ఇంట్లో తమంతట తాముగా ఏళ్లపాటు చేసేదానికీ పోలిక కుదరదు.

ఇంకో చిక్కు ఉంది. కాలు తెగిన నల్లి కనబడితే ఈగే కొరికిందని ఎలా చెప్పగలం? నల్లి ముందే చచ్చి పడ్డాక చీమలో మైనపు పురుగులో కొరికి ఉండొచ్చు. డొప్ప మీద సొట్ట ఉంటే అది దవడ గుర్తు అని కొన్నాళ్లు లెక్కేశారు, తీరా చూస్తే పుట్టుకతోనే సొట్టలున్న నల్లులు ఉన్నాయని తేలింది. ఈ అనుమానాలు న్యాయమైనవే. అందుకే జాగ్రత్తగా చేసే పరిశోధకులు సొట్టను వదిలి తెగిన కాళ్లను, పగిలిన అంచును మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. రాలిన నల్లులు చీమలకు దొరక్కుండా జాలీ కింద పలక పెట్టి, వెంటవెంటనే ఏరతారు. ఇన్ని వడపోతలు పోశాక కూడా ఈగకూ ఈగకూ, పట్టుకూ పట్టుకూ మధ్య తేడా మిగులుతూనే ఉంది. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగ్ హంట్ బృందం ఈ తేడానే పట్టుకుని, నల్లుల కాళ్లు ఎక్కువగా కొరికే పట్ల నుంచి తరతరాలుగా రాణులను తీసింది. ఆ గుణం పిల్లలకు దిగింది. దానితో ముడిపడి ఉండవచ్చనిపించే జన్యువులను కూడా 2012లో కొన్నింటికి కుదించారు. తల్లి నుంచి బిడ్డకు దిగే గుణాన్ని చీమల పని అని కొట్టిపారేయలేం.

సరే, మూడో వంతు నల్లులకు దెబ్బ తగిలితే మిగతా రెండు వంతుల మాటేమిటి? ఇక్కడే అంతా తప్పులో కాలేస్తారని నా అభిప్రాయం. మందు అలవాటైన మనసు నూటికి ఎన్ని చచ్చాయని అడుగుతుంది. 95 చస్తే మంచి మందు, 30 చస్తే పనికిరాని మందు. నల్లి లెక్క అలా నడవదు, అది చక్రవడ్డీ లెక్క. ఒక పట్టులో 100 నల్లులున్నాయి, రోజుకు నూటికి రెండున్నర చొప్పున పెరుగుతున్నాయనుకుందాం. నాలుగు నెలలకు అవి 1,900 దాటుతాయి. ఈగలు కాస్త చురుగ్గా దులుపుకుని రోజుకు నూటికి ఒక్కటి అదనంగా రాల్చాయనుకుందాం, అంటే వడ్డీ ఒకటిన్నరకు దిగింది. నాలుగు నెలలకు నల్లులు సుమారు 600 మాత్రమే. రోజూ నూట్లో ఒక్క నల్లిని రాల్చిన పని చివరికి మూడింట రెండు వంతుల బరువు దించింది. ఏ రోజుకా రోజు చూస్తే ఏమీ జరిగినట్టే ఉండదు. షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకీ రెండు రూపాయల వడ్డీకీ ఉన్న తేడా నాలుగేళ్లు తిరిగితే ఎంతవుతుందో ఎరిగిన వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, నేను మొదట్లో అన్న తక్కిన సగం అదే. దులుపుడు పనిచేసేది ఎదిగిన ఈగ ఒంటి మీదున్న నల్లి మీద మాత్రమే. మూత కింద గదిలో ఉన్న నల్లిని ఏ దువ్వెనా అందుకోలేదు. ఐరోపా ఈగ పట్టులో పిల్లలున్న రోజుల్లో నల్లుల్లో ఎక్కువ భాగం మూతల కిందే ఉంటాయి. కూలి గదుల్లోనూ పోతు గదుల్లోనూ హాయిగా పిల్లలు పెడతాయి, ఒక్కసారి బయటికొచ్చి కొన్నాళ్లు ఈగ మీద తిరిగి మళ్లీ ఇంకో గదిలో దూరతాయి. పుట్ట తేనెటీగ దగ్గర ఈ తలుపులు మూసి ఉంటాయి. దాని కూలి గదుల్లో వరోవా సంతానం నిలవదు. నల్లి దూరిన కూలి గదిని పసిగట్టి ఈగలు మూత తీసి లోపలి పిల్లను, దానితో పాటు నల్లిని కూడా లాగి పారేస్తాయి. 2016లో పేజ్, సహచరులు మరో ఆశ్చర్యం కనిపెట్టారు. పుట్ట తేనెటీగ కూలి పిల్ల నల్లి కాటుకు ఐరోపా పిల్ల కంటే సులువుగా చచ్చిపోతుంది. బలహీనతలా కనబడే ఈ గుణమే పట్టుకు కోట. పిల్ల చస్తే నల్లి సంతానం ఎదగదు, చచ్చిన పిల్ల వాసన పసిగట్టి కూలి ఈగలు గది ఖాళీ చేస్తాయి. ఇక మిగిలింది పోతు గది. పోతులు ఏడాది పొడవునా పుట్టవు, ఒక కాలంలోనే, అదీ కొద్ది వందలే. పుట్ట తేనెటీగ పోతు గది మూత గట్టిగా, నడుమ చిన్న బెజ్జంతో ఉంటుంది. ఒకే గదిలో నల్లులు ఎక్కువై పోతు నీరసిస్తే ఆ గట్టి మూతను అది లోపలి నుంచి తెరవలేదు. బయటి నుంచి కూలి ఈగలూ తెరవవు. పోతూ నల్లులూ కలిసి అందులోనే సమాధి.

ఇప్పుడు రెండు సగాలూ కలిపి చూడాలి. పోతులు లేని కాలమంతా పుట్ట తేనెటీగ పట్టులోని నల్లికి పిల్లలు పెట్టే చోటు లేదు. అది ఎదిగిన ఈగల మీదే నెలల తరబడి తిరగాలి. అలా తిరిగే ప్రతి రోజూ దువ్వెన కింద పడే రోజే. రోజుకు నూట్లో ఒక్క నల్లి రాలినా ఆ కాలమంతా పెరుగుదల లేదు కాబట్టి తరుగుదలే మిగులుతుంది. ఊళ్లో ఇళ్లన్నింటికీ తాళాలుంటే వీధిలో ఒక్క గస్తీవాడు చాలు, తలుపులన్నీ బార్లా తీసి ఉంటే పది మంది గస్తీ తిరిగినా దొంగ దొరకడు. పుట్ట తేనెటీగ గస్తీ మనం అనుకున్నంత గొప్పదేమీ కాదు, దాని తాళాలు గొప్పవి. ఐరోపా ఈగకు కాస్తో కూస్తో గస్తీ ఉంది, తాళాలే లేవు. దులుపుడును ఒంటరిగా విడదీసి మెచ్చుకోవడమూ, ఒంటరిగా విడదీసి తీసిపారేయడమూ రెండూ ఒకే పొరపాటు.

దీనికి ఎదురు ప్రశ్న స్వీడన్ నుంచి వస్తుంది. 1999లో అక్కడి గాట్లండ్ దీవిలో ఫ్రీస్ బృందం 150 ఐరోపా ఈగ పట్లను పెట్టి, నల్లికి ఏ మందూ వేయకుండా వదిలేసింది. కొద్ది ఏళ్లలోనే చాలావరకు నశించాయి. మిగిలిన గుప్పెడు పట్లు మాత్రం నిలిచి, వారసులను పెంచాయి. అవి ఎలా నిలిచాయని 2011లో లాక్, ఫ్రీస్ పరీక్షిస్తే దులుపుడులో వాటికి ప్రత్యేకత ఏమీ కనబడలేదు. వాటి గదుల్లో నల్లికి సరిగా సంతానం కలగకపోవడమే కారణమని తేలింది. చూశారా, దులుపుడు లేకుండానే బతికాయి కదా అనవచ్చు. నాకు మాత్రం ఇది పైన చెప్పిన మాటకు సాక్ష్యంగానే కనబడుతుంది. చావు బతుకుల మధ్య ప్రకృతి ముందు వేసింది తాళమే. గస్తీ దాని తరువాతి సంగతి. గాట్లండ్ కథలో మనం గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. ఏ మందూ వేయనందువల్లే ఆ గుణం బయటపడింది. ఏటా మందు పెట్టి ఉంటే చేవ ఉన్న పట్టూ, చేవ లేని పట్టూ ఒకే వరసలో బతికేవి, ఏది ఏదో ఎవరికీ తెలిసేది కాదు. మరి మందు తన పనైనా సరిగా చేస్తుందా అంటే, ఫ్లువాలినేట్ పట్టీలు వచ్చిన కొద్దికాలానికే, 1990ల తొలినాళ్లలో ఇటలీలో వాటికి లొంగని నల్లులు పుట్టుకొచ్చాయి. పత్తి కాయతొలుచు పురుగుతో, మిరప తామర పురుగుతో మందుల పోటీ ఎలా ముగుస్తుందో వరంగల్ రైతుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

అలాగని 150 పట్లలో గుప్పెడే మిగిలే ప్రయోగాన్ని నాలుగు పెట్టెలతో బతుకు వెళ్లదీసే పెంపకందారు చేయాలని ఎవరూ అనలేరు. అది శాస్త్రవేత్త ఖర్చుతో, దీవిలో చేసే పని. పెట్టె పోతే పెంపకందారు పెట్టుబడి పోతుంది. ఫార్మిక్ ఆమ్లం, థైమాల్, చట్రాల మీద చల్లే గంధకం పొడి వంటివి అవసరమైనప్పుడు వాడక తప్పదు. ఐరోపా ఈగను పెంచేవాళ్లకు మన దగ్గర రెండో నల్లి బెడద కూడా ఉంది. కొండ తేనెటీగ మీద బతికే ట్రోపిలీలాప్స్ అనే సన్నటి నల్లి పెట్టెల్లోకి దిగుతుంది. దాని నోరు పిల్ల పురుగును గుచ్చడానికే గానీ ఎదిగిన ఈగను గుచ్చడానికి పనికిరాదు. పిల్లలు లేకపోతే రెండు మూడు రోజులకు మించి బతకదు. కొండ తేనెటీగ దీనికి వేసిన తాళం చాలా సులువైనది. కాలం మారగానే పట్టు వదిలి వలస పోతుంది. ఖాళీ పట్టులో నల్లి మాడిపోతుంది. ఏడాది పొడవునా పిల్లలతో నిండి ఉండేలా పోషించే పెట్టెలో ఆ మాడ్చే రోజులే రావు. మనం పెట్టెకు చేసే సేవ నల్లికి కూడా సేవే అవుతోంది.

ఇంతవరకు ఒప్పుకున్నా, డబ్బు లెక్క దగ్గర పుట్ట తేనెటీగ ఓడిపోతుందని అనేవాళ్లున్నారు. ఆ మాట నిజం. మంచి చోట పెట్టి పూత వెంట తిప్పితే ఐరోపా ఈగ పెట్టె ఏడాదికి సుమారు 25 నుంచి 40 కిలోల తేనె ఇస్తుంది. పుట్ట తేనెటీగ పెట్టె నాలుగు నుంచి ఎనిమిది కిలోలిస్తే సంతోషించాలి. పైగా దానికి నచ్చకపోతే రాత్రికి రాత్రి పెట్టె ఖాళీ చేసి పోతుంది. అంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకోటుంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణ భారతంలోకి వచ్చినప్పుడు కూలింది ఈ పుట్ట తేనెటీగే. కేరళలో నూటికి 90కి పైగా పట్లు పోయాయి. పెట్టెలనే నమ్ముకున్న కుటుంబాలు వీధిన పడ్డాయి. ఐరోపా ఈగ దక్షిణాదిన విస్తరించడానికి దారి చేసింది ఆ విపత్తే. నల్లికి లొంగనిది ఏ రోగానికీ లొంగదని అనుకుంటే అది మూఢభక్తే అవుతుంది. ఏ నేర్పైనా తాను చూసిన శత్రువు మీదే పదును తేలుతుంది. నల్లితో ఈ ఈగకు పాత పరిచయం. ఆ వైరస్ రూపం దానికి కొత్త. ఐరోపా ఈగకు నల్లి ఎలా కొత్తో ఇదీ అంతే. ఈ ఆక్షేపణ పుట్ట తేనెటీగ గొప్పతనాన్ని తగ్గిస్తుంది గానీ, పరిచయం ఉన్న చోటే రక్షణ పెరుగుతుందన్న వాదాన్ని గట్టిపరుస్తుంది. తేనె లెక్కకు నా జవాబు వేరు. పరకాల వైపు పొలాలకు ఈగ ఇచ్చే లాభం సీసాలో తూగేది కాదు. బీర, దోస, గుమ్మడి పూలు ఈగ వాలకపోతే పిందె కట్టవు. పొద్దుతిరుగుడు గింజ నిండాలన్నా ఈగ రావాలి. నువ్వు, పత్తి, మిరపలకు కూడా అది చేసే మేలు కొంత ఉంది. ఈ పని కోసం పెట్టె కొనక్కర్లేదు, మందు పట్టీ కట్టక్కర్లేదు, లారీ ఎక్కించక్కర్లేదు. గట్టు మీది పుట్టను తవ్వకుండా, తొర్ర ఉన్న చెట్టును నరకకుండా వదిలేస్తే చాలు.

వదిలేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు, ఎందుకంటే చేలో కొట్టే మందు ఆ పుట్ట దాకా వస్తుంది. చంపేంత మోతాదు గురించి అందరూ మాట్లాడతారు. చంపకుండా చేసే చెడుపు గురించి తక్కువ. 2019లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్ఫిన్, సహచరులు ఈగలకు చంపనంత స్వల్పంగా క్లోథియానిడిన్ పెట్టి చూశారు. ఒంటిని గట్టిగా దులుపుకునే ఊపు తగ్గింది. ఈ మందు నియోనికోటినాయిడ్ కుటుంబానికి చెందింది. మన పత్తి గింజకు పట్టించే, పత్తి మిరప చేలలో రసం పీల్చే పురుగుల మీద కొట్టే ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ అదే కుటుంబం. నరాల మీద పనిచేసే విషం కాళ్ల చురుకును తగ్గించడంలో వింత లేదు. ప్రయోగశాలలో చుక్క కొలిచి పెట్టడం వేరు, చేలో పూవు మీద ఈగకు దొరికేది వేరు అంటారు. ఒప్పుకోవలసిందే. ఇది ఐరోపా ఈగ మీద చేసిన పరీక్ష కూడా. కానీ చక్రవడ్డీ లెక్క ఇటువైపు కూడా తిరుగుతుంది. రోజుకు నూట్లో ఒక్క నల్లిని రాల్చే పనిలో సగం తగ్గినా నాలుగు నెలల చివర తేలే అంకె వందల్లో ఉంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు వరంగల్ మిరపను ఊడ్చిపెట్టినప్పుడు రైతు దొరికిన మందల్లా కలిపి కొట్టాడు. చేతికొచ్చిన పంట కళ్ల ముందు రాలిపోతుంటే ఆ స్థితిలో ఎవరున్నా అదే చేసేవారు. అటువంటి ఏడు గట్టు మీది ఈగకు ఏమవుతుందో లెక్కేసే అంకె మాత్రం ఏ మార్కెట్ పట్టీలోనూ ఉండదు. పూత మీద కొట్టకుండా ఉండటం, కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరిన సాయంత్రం పూట కొట్టడం, ఈ రెండు మాత్రం ఎంత కరువులోనైనా చేయగలిగినవే.

పెట్టెల్లో ఈగలను పెంచుదామనుకునే వాళ్లకు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో, మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో శిక్షణలున్నాయి. అక్కడ నేర్చుకునే వాటిలో ఎక్కువ భాగం ఐరోపా ఈగకు సంబంధించినవే, అది సహజం. ఏ ఈగను పెంచినా నల్లి ఎంత ఉందో తెలుసుకునే పద్ధతి ఒకటే. సీసాలో సుమారు 300 ఈగలను తీసుకుని, మెత్తటి పంచదార పొడి చల్లి, జాలీ మూత పెట్టి ఊపితే నల్లుల పట్టు జారి పొడితో పాటు రాలతాయి. ఈగలకు హాని ఉండదు, ఇంటికెళ్లి ఒకదానినొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి. ఎన్ని నల్లులు రాలాయో అది అంతా లెక్కేస్తారు. ఎలా రాలాయో చూసేవాళ్లు తక్కువ. పెట్టె అడుగున జాలీ, దాని కింద నూనె రాసిన తెల్ల కాగితం పెట్టి, మూడు రోజులకోసారి తీసి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూస్తే సరిపోతుంది. ఎర్రటి చుక్కల్లో ఎనిమిది కాళ్లూ ఉన్నవి ఎన్ని, ఒకటో రెండో తెగినవి ఎన్ని, అంచు పగిలినవి ఎన్ని, మూడు గళ్ల కాగితం మీద రాసుకోవాలి. పది పెట్టెలుంటే పదింటికీ అదే పని. ఆరు నెలల తరువాత ఆ కాగితం చూస్తే, తెగిన కాళ్లు ఎక్కువున్న పెట్టె ఏదో బయటపడుతుంది. వచ్చే ఏడు కొత్త రాణిని తీయాల్సింది ఆ పెట్టె నుంచే.